బొమ్మ అదే... నంబరే కొత్తది!

మూస విడుదలలతో విసిగిపోతున్న నమూనా విమానాల సేకరణకర్తలు
డెక్కన్ ఎయిర్‌వేస్ డకోటా వంటి స్థానిక విమానాలకు దక్కని చోటు

దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్: పాడిందే పాట పాచిపళ్ల దాసరి అన్న చందంగా సాగుతున్నది లోహపు నమూనా విమానాల విపణి. తయారీ సంస్థలు నెలనెలా ‘కొత్త విడుదలలు’ అంటూ పొడవాటి జాబితాలను ప్రకటిస్తున్నాయి. తీరా పరిశీలిస్తే అందులో అధిక భాగం నిరుడు వచ్చిన విమానమే, నిరుడు వేసిన రంగులే. తోక సమీపాన చీమతలంత అక్షరాలతో రాసిన రిజిస్ట్రేషన్ గుర్తు ఒక్కటే మారుతున్నది. ఒక్కో బొమ్మకు వేల రూపాయలు వెచ్చించే సేకరణకర్తలకు ఈ చర్వితచర్వణం మింగుడుపడడం లేదు. డబ్బు పోతున్నదన్న బాధ ఒక ఎత్తు కాగా, తాము చూసిన విమానాలు, తమ ఊరి మీదుగా ఎగిరిన విమానాలు ఆ జాబితాల్లో ఎన్నటికీ కానరావడం లేదన్నది అంతకు మించిన బాధ.

దిల్‌సుఖ్‌నగర్ అనగానే శిక్షణ కేంద్రాలు, వసతిగృహాలు, వాటి ముందు బారులు తీరిన ద్విచక్ర వాహనాలు గుర్తుకు వస్తాయి. ఎల్బీనగర్ అంటే విజయవాడ, సాగర్ బస్సుల కోసం చౌరస్తాలో నిరీక్షించే ప్రయాణికులే కళ్లముందు మెదులుతారు. ఈ ప్రాంతానికీ విమానాలకూ పొంతన ఏమిటన్న సందేహం సహజం. అయితే 2008 మార్చిలో శంషాబాద్ విమానాశ్రయం ప్రారంభమైన నాటి నుంచి నగర తూర్పు భాగానికి విమానయానం దగ్గరైంది. ఎల్బీనగర్ నుంచి చాంద్రాయణగుట్ట, ఆరాంఘర్ మీదుగా వెళ్లే రహదారి విమానాశ్రయ మార్గంగా మారింది. కొత్తపేట, చైతన్యపురి, సరూర్‌నగర్ కాలనీల్లో కొడుకో కూతురో అమెరికాలో ఉన్న ఇళ్లకు కొదవ లేదు. సెలవులకు వచ్చే పిల్లల పెట్టెల్లో చాక్లెట్లు, సబ్బులు, విటమిన్ మాత్రల నడుమ ఒకటో రెండో నమూనా విమానాలు కూడా దిగుమతి అవుతుంటాయి. షోకేసులో కొండపల్లి బొమ్మల పక్కన వరుసగా నిలిచిన ఈ చిన్ని విమానాలను చూసి ఇంటికి వచ్చిన వారు పిల్లల ఆటవస్తువులనుకోవడం పరిపాటి. వాటిని ముట్టుకోబోతే ఇంటి యజమాని ముఖకవళికలు మారిపోవడంలోనే అసలు సంగతి బయటపడుతుంది.

అరచేతిలో ఆకాశయానం

డైకాస్ట్ అనగా కరిగించిన లోహాన్ని ఉక్కు అచ్చులోకి అధిక పీడనంతో పంపి పోత పోసే పద్ధతి. ఇందుకు ప్రధానంగా జింకు మిశ్రమ లోహాన్ని వాడతారు. జింకుతో అల్యూమినియం, మెగ్నీషియం, రాగి స్వల్ప పాళ్లలో కలిసిన ఈ లోహం సుమారు 400 డిగ్రీల సెల్సియస్ లోపే కరుగుతుంది. కనుక సూక్ష్మమైన గీతలు, కిటికీ అంచులు సైతం పోతలో చక్కగా దిగుతాయి. చేతిలోకి తీసుకోగానే ప్లాస్టిక్ బొమ్మకు లేని బరువు, చల్లదనం తెలుస్తాయి. సేకరణకర్తలను కట్టిపడేసేది ప్రధానంగా ఈ బరువే.

ఈ నమూనాలు ఇష్టం వచ్చిన కొలతల్లో చేసినవి కావు. అసలు విమానాన్ని 200, 400 లేదా 500వ వంతుకు కుదించి తయారు చేస్తారు. వీటిలో 400వ వంతు నమూనాలకు ప్రపంచవ్యాప్తంగా ఆదరణ ఎక్కువ. ఇండిగో సంస్థ నడిపే ఎయిర్‌బస్ ఏ320 అసలు పొడవు 37.57 మీటర్లు. అది 400వ వంతులో 9.4 సెంటీమీటర్లకు, అనగా చూపుడు వేలు కన్నా కొంచెం పెద్దదిగా కుదించుకుపోతుంది. 70 మీటర్లు దాటిన బోయింగ్ 747-400 జంబోజెట్ సుమారు 17.7 సెంటీమీటర్లు ఉంటుంది. అందులోనే చక్రాలు, ఇంజిన్ రెక్కలు, యాంటెన్నాలు, తలుపుల పక్కన రాసే హెచ్చరికలు సైతం చూపాలి. భూతద్దం పట్టుకుని చదివితే తప్ప కానరాని అక్షరాలను ముద్రించడంలో తయారీదారుల నైపుణ్యాన్ని మెచ్చుకోక తప్పదు.

జర్మనీకి చెందిన హెర్పా సంస్థ 500వ వంతు నమూనాలకు పేరుగాంచింది. అమెరికాలోని లాస్‌వేగాస్ కేంద్రంగా పనిచేసే జెమినీ జెట్స్ 400వ వంతు నమూనాలను ప్రాచుర్యంలోకి తెచ్చింది. ఫీనిక్స్, జేసీ వింగ్స్, ఎన్‌జీ మోడల్స్, ఏరోక్లాసిక్స్ వంటి పేర్లు ఈ రంగంలో తరచూ వినిపిస్తాయి. పేరు ఏ దేశానిదైనా తయారీ మాత్రం అత్యధికంగా చైనాలోనే.

ధర విషయానికి వస్తే 400వ వంతు నమూనా అమెరికాలో 50 డాలర్లకు అటూ ఇటూగా పలుకుతుంది. 200వ వంతుది ఇందుకు రెట్టింపు, ఆపైన ఉంటుంది. మన దేశానికి తెప్పించుకుంటే రవాణా ఖర్చుతోపాటు సుంకం భారం అదనం. దిగుమతి సుంకాల పట్టికలో నమూనా విమానాలు ఆటబొమ్మల వర్గంలోకే వస్తాయి. ఈ వర్గంపై సుంకాన్ని 2020లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి కేంద్ర ప్రభుత్వం పెంచింది. దేశీయ బొమ్మల పరిశ్రమను కాపాడాలన్నది ఆ నిర్ణయం వెనుక ఉద్దేశం. చౌకబారు ప్లాస్టిక్ బొమ్మలకు వేసిన వల ఈ చిరు చేపలకు కూడా తగిలింది. దరిమిలా బంధువుల పెట్టెలే చాలామందికి దిక్కయ్యాయి. ఏడాదికి ఒకసారి వచ్చే కొడుకు చేత ఒకటో రెండో తెప్పించుకునే ఉద్యోగికి, చేతికందిన ఆ ఒక్కటీ అల్మారాలో ఉన్నదానికి నకలైతే కలిగే నిరాశ అంతా ఇంతా కాదు.

అంతా అచ్చులోనే ఉంది

ఒకే విమానం పదేపదే ఎందుకు వస్తున్నదో గ్రహించాలంటే అచ్చు సంగతి తెలియాలి. ఒక విమానాన్ని కొత్తగా తయారు చేయాలంటే తొలుత దాని కొలతలను, ఛాయాచిత్రాలను సేకరించి కంప్యూటర్‌లో రూపం గీయాలి. అనంతరం గట్టి ఉక్కు దిమ్మెలను యంత్రాలతో తొలిచి అచ్చులు చేయాలి. దేహానికి, రెక్కలకు, తోకకు, ఇంజిన్లకు, చక్రాలకు వేర్వేరు అచ్చులు అవసరం. ముక్కు వంపు ఒక వెంట్రుక వాసి తేడా వచ్చినా అభిమానులు పట్టేస్తారు. కనుక నమూనా పోతలు పోసి సరిచూసి, దిద్ది, మళ్లీ పోయాలి. ఈ దశలో పెట్టుబడి అంతా ముందుగానే పెట్టాల్సి వస్తుంది. ఒక్క బొమ్మ కూడా అమ్ముడుపోకముందే ఖర్చు పూర్తవుతుంది.

అచ్చు సిద్ధమయ్యాక మాత్రం కథ మారిపోతుంది. అదే ఉక్కు దిమ్మె నుంచి వేల సంఖ్యలో బొమ్మలు తీయవచ్చు. వాటికి తెల్ల రంగు కొట్టి, మెత్తని సిలికాన్ రబ్బరు దిండ్ల సాయంతో సంస్థ పేరు, గీతలు, కిటికీలు ముద్రిస్తారు. ఎమిరేట్స్ రంగులు వేస్తే ఎమిరేట్స్ విమానం, లుఫ్తాన్సా రంగులు వేస్తే లుఫ్తాన్సా విమానం. రంగు పలకలు మార్చే ఖర్చు కొత్త అచ్చు ఖర్చుతో పోలిస్తే స్వల్పం. ఇక రిజిస్ట్రేషన్ గుర్తు మాత్రమే మార్చాలంటే అయ్యే వ్యయం ఇంకా తక్కువ. అచ్చుపై పెట్టిన పెట్టుబడి రాబట్టుకోవడానికి తయారీదారు దానిని వీలైనన్ని మార్లు వాడుకోవడం వ్యాపార సూత్రమే.

అచ్చుల్లోనూ తరతమ భేదాలున్నాయి. పాత అచ్చుల్లో దేహం అడుగున రెక్కల భాగాన్ని ఊయల వలె అమర్చేవారు. దానివల్ల విమానం పొట్టపై స్పష్టమైన అతుకు గీత కనిపించేది. కొత్త అచ్చుల్లో రెక్కలను పక్కల నుంచి గాడిలోకి దూరుస్తారు. అతుకు కనిపించదు. ఈ ఒక్క మార్పు కోసమే తమ వద్దనున్న పాత బొమ్మను వదిలించుకుని కొత్తదాన్ని కొనేవారూ ఉన్నారు. ఇటువంటి పునర్విడుదలపై ఎవరికీ ఫిర్యాదు లేదు. పాత అచ్చుతోనే అదే విమానాన్ని తీసుకువచ్చి పెట్టెపై ‘కొత్తది’ అని ముద్రించడంపైనే అభ్యంతరం.

నంబరు మహిమ

ప్రతి పౌర విమానానికీ వాహనాలకు ఉన్నట్లే ఒక రిజిస్ట్రేషన్ గుర్తు ఉంటుంది. మన దేశ విమానాలన్నీ ‘వీటీ’ అనే అక్షరాలతో మొదలవుతాయి. ఆ తర్వాతి మూడు అక్షరాలు ఆ విమానానికే ప్రత్యేకం. యూఏఈ విమానాలకు ‘ఏ6’ అన్న గుర్తు ముందుంటుంది. ఒక సంస్థ వద్ద ఒకే తరహా విమానాలు వందున్నాయనుకుంటే, నమూనా తయారీదారు తలచుకుంటే వంద ‘కొత్త’ విడుదలలు చేయవచ్చు.

ఎమిరేట్స్ సంస్థనే తీసుకుందాం. 2008 నుంచి 2021 డిసెంబరు వరకు ఆ సంస్థ 123 ఏ380 విమానాలను అందుకున్నది. ప్రత్యేక చిత్రాలు వేసిన కొన్నింటిని మినహాయిస్తే మిగిలినవన్నీ చూపులకు కవలలే. ఒక్కో నమూనా రెక్కల వెడల్పు 400వ వంతులో దాదాపు 20 సెంటీమీటర్లు. ఎవరైనా పంతం పట్టి 123 నంబర్లనూ సేకరించి రెక్కకు రెక్క ఆనించి పేరిస్తే ఆ వరుస 24 మీటర్లు దాటుతుంది. దిల్‌సుఖ్‌నగర్‌లోని ఏ రెండు గదుల ఇంట్లోనూ అంత గోడ ఉండదు.

నంబరు మార్పు అన్ని వేళలా వట్టి మోసమని కొట్టిపారేయడం కూడా న్యాయం కాదు. ఇండిగో ఏ320 నియో విమానాలు మొదట ప్రాట్ అండ్ విట్నీ ఇంజిన్లతో వచ్చాయి. 2019లో ఆ సంస్థ సీఎఫ్ఎం లీప్ ఇంజిన్లకు ఆర్డరు ఇచ్చింది. రెంటి ఆకారంలో తేడా ఉంది. ఇంజిన్ మార్చి, దానికి తగిన నంబరు వేసి తెస్తే దాన్ని కొత్త నమూనాగా అంగీకరించవచ్చు. అట్లాగే ఉపగ్రహ ఇంటర్నెట్ కోసం కొన్ని విమానాల వీపుపై గూని వంటి కప్పు అమరుస్తారు. ఆ తేడా చూపినా సరిపోతుంది. వైఫై గూని లేని విమానానికి గూని పెట్టి, లీప్ ఇంజిన్ ఉండాల్సిన చోట ప్రాట్ ఇంజిన్ తగిలించి పంపిన సందర్భాల్లోనే అభిమానుల సహనం నశిస్తుంది.

మరో పోకడ ఏమిటంటే ఒకే విమానాన్ని రెండు రూపాల్లో విక్రయించడం. రెక్కల వెనుక ఉండే ఫ్లాప్స్ అనే పలకలు విమానం పైకి లేచేటప్పుడు, దిగేటప్పుడు కిందికి వాలుతాయి. ఫ్లాప్స్ ముడిచిన బొమ్మ ఒకటి, వాల్చిన బొమ్మ మరొకటి అంటూ రెండు పెట్టెలు విడుదలవుతున్నాయి. ఎంపిక కొనుగోలుదారుదే అని తయారీదారులు చెప్పుకోవచ్చును గానీ, విడుదలల జాబితాలో మాత్రం అవి రెండు కొత్త వస్తువులుగా లెక్కకు వస్తాయి.

పోటీ మరింత చిత్రం. ఏదైనా విమానయాన సంస్థ కొత్త రంగులు ప్రకటించిందంటే చాలు, రెండు మూడు నమూనా సంస్థలు ఏకకాలంలో దానిపై పడతాయి. ఎయిర్ ఇండియా 2023 ఆగస్టులో కొత్త రంగులను ఆవిష్కరించింది. ఆ రంగులతో తొలి ఏ350 విమానం అదే ఏడాది డిసెంబరులో దేశానికి చేరింది. ఇటువంటి విమానం వెలుగులోకి రాగానే ఎవరు ముందు తెస్తే వారిదే గిరాకీ. ఫలితంగా ఒకే విమానం, ఒకే నంబరు, ముగ్గురు తయారీదారులు. నాలుగో విమానానికి దారి మూసుకుపోతుంది.

తయారీదారుల వాదన

తయారీదారుల పక్షాన కూడా కొంత న్యాయం లేకపోలేదు. ఈ బొమ్మలు ఒక్కో విడుదలకు పరిమిత సంఖ్యలో, వందల నుంచి వేయి రెండు వేల దాకా మాత్రమే వెలువడుతుంటాయి. అవి అమ్ముడైపోయాక కొత్తగా అభిరుచి పట్టుబడిన కుర్రవాడు ఎక్కడ కొనాలి? పాత బొమ్మ వేలంలో మూడు రెట్ల ధర పలుకుతుంది. అదే విమానాన్ని మరో నంబరుతో తెస్తే కొత్తవారికి అందుబాటులోకి వస్తుంది, పాతవారి వద్దనున్న నంబరు విలువ చెడదు. పైగా ఎమిరేట్స్, సింగపూర్ ఎయిర్‌లైన్స్ వంటి పేర్లు ప్రపంచంలో ఏ మూలనైనా చెల్లుబాటవుతాయి. అవి తెచ్చే నికరాదాయంతోనే అరుదైన పాత విమానాలకు అచ్చులు చేయగలుగుతారు.

విమానయాన సంస్థల నుంచి, బోయింగ్, ఎయిర్‌బస్‌ల నుంచి పేర్లు, చిహ్నాలు వాడుకునేందుకు అనుమతి పొందాల్సి ఉంటుంది. ప్రచారానికి పనికివచ్చే కొత్త విమానానికైతే ఆ సంస్థలే ఉత్సాహం చూపుతాయి. మూతపడిన సంస్థ హక్కులు ఎవరి వద్ద ఉన్నాయో వెదుక్కోవడమే ఒక పని. చిన్న విమానాలకు మరో చిక్కు ఉంది. 27 మీటర్ల ఏటీఆర్-72 విమానం 400వ వంతులో 6.8 సెంటీమీటర్లే. తయారీ శ్రమ పెద్ద విమానంతో సమానం. కొనేవాడు మాత్రం ‘ఇంత చిన్నదానికి ఇంత ధరా’ అని పెదవి విరుస్తాడు.

కొండపల్లి కళాకారుడు ఏటేటా అదే అంబారీ ఏనుగును చెక్కుతాడు. ఎవరూ విసుక్కోరు. దసరాకో సంక్రాంతికో బొమ్మల కొలువులో అదే ఏనుగు మళ్లీ కొలువుదీరుతుంది. అయితే ఆ కళాకారుడు దానిని ‘కొత్త విడుదల’ అని ప్రకటించి ముందస్తు సొమ్ము వసూలు చేయడు. వ్యత్యాసమంతా అక్కడే ఉన్నది.

మన ఆకాశం ఏదీ?

హైదరాబాద్ విమానయాన చరిత్ర సామాన్యమైనది కాదు. 1930వ దశకంలోనే బేగంపేటలో విమానాశ్రయం రూపుదిద్దుకున్నది. నిజాం ప్రభుత్వం ప్రధాన భాగస్వామిగా, టాటాల సహకారంతో ఏర్పడిన డెక్కన్ ఎయిర్‌వేస్ 1946లో సర్వీసులు ప్రారంభించింది. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక మిగిలిపోయిన డకోటా డీసీ-3 విమానాలే ఆ సంస్థకు ఆధారం. దేశంలో తొలి మహిళా కమర్షియల్ పైలట్‌గా ఖ్యాతి గడించిన ప్రేమ్ మాథుర్‌కు పలు సంస్థలు తలుపులు మూయగా, ఉద్యోగమిచ్చింది డెక్కన్ ఎయిర్‌వేసే. 1953 ఆగస్టు 1న విమానయానం జాతీయం కావడంతో మరో ఏడు సంస్థల సర్వీసులతోపాటు అది ఇండియన్ ఎయిర్‌లైన్స్ కార్పొరేషన్‌లో కలిసిపోయింది. తోకపై డెక్కన్ ఎయిర్‌వేస్ పేరు ధరించిన డకోటా ఏ స్థాయిలో వచ్చినా కళ్లకద్దుకుని కొంటామన్నది ఇక్కడి సేకరణకర్తల చిరకాల వాంఛ.

అనంతర కాలంలో బేగంపేట రన్‌వే మీద దిగినవి ఒకటా రెండా? ఇండియన్ ఎయిర్‌లైన్స్ 1957లో వైకౌంట్లను, 1964లో ఫ్రెంచి కారవెల్‌లను, 1970లో బోయింగ్ 737లను, 1976లో ఏ300 భారీ విమానాలను, 1989లో ఏ320లను ప్రవేశపెట్టింది. మన దేశంలోనే హిందుస్థాన్ ఏరోనాటిక్స్ తయారు చేసిన ఆవ్రో విమానాలను సైతం నడిపింది. ఇందులో కొన్నింటిని ఒకటి రెండు నమూనా సంస్థలు అడపాదడపా తెచ్చినా స్వల్ప సంఖ్యలో వచ్చి అదృశ్యమయ్యాయి. ఎయిర్ ఇండియా జంబోజెట్లకు లభించిన గౌరవం దేశీయ సర్వీసుల విమానాలకు దక్కలేదు. జంబోలో తిరిగినవారి కన్నా ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో తిరిగిన తెలుగువారే అధికం అన్న సంగతి లాస్‌వేగాస్‌లో కూర్చున్నవారికి తట్టే అవకాశం లేదు.

ఒక్క ఉదాహరణ చాలు. 1993 నవంబరు 15న మద్రాసు నుంచి హైదరాబాద్‌కు బయలుదేరిన ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఏ300 విమానం బేగంపేటలో దిగబోయింది. రన్‌వే సరిగా కనిపించక మళ్లీ పైకి లేచింది. ఆ సమయంలో వాలిన ఫ్లాప్స్ తిరిగి ముడుచుకోలేదు. అవి గాలికి అడ్డుపడి ఇంధనం విపరీతంగా ఖర్చయింది. మద్రాసుకు వెనుదిరిగిన విమానం అక్కడిదాకా చేరలేక తిరుపతి సమీపంలో వరిచేలో దిగింది. విమానం దెబ్బతిన్నది గానీ అందులోని 262 మందీ ప్రాణాలతో బయటపడ్డారు. ఆ విమానం రిజిస్ట్రేషన్ వీటీ-ఈడీవీ. ఫ్లాప్స్ వాల్చిన బొమ్మకు నిజంగా అర్థం ఉన్నదంటే ఈ విమానానికే ఉన్నది. ఏ300కు 400వ వంతు అచ్చు ఎన్నడో తయారైంది, పలు దేశాల రంగులతో బొమ్మలూ వచ్చాయి. కావలసిందల్లా ఇండియన్ ఎయిర్‌లైన్స్ నారింజ రంగు, ఐదు అక్షరాలు.

సేకరణకర్తల అసంతృప్తిలోని మెలిక ఇక్కడే ఉంది. పాత అచ్చుకు కొత్త రంగు వేయడాన్నే వారు నిరసిస్తున్నారు. వారు కోరుకుంటున్నది కూడా పాత అచ్చుకు కొత్త రంగే. డకోటాకు వేర్వేరు కొలతల్లో అచ్చులున్నాయి. ఏటీఆర్‌కు ఉన్నాయి. ఏ300కు ఉన్నది. ఉక్కు తొలచాల్సిన పని లేదు, పెట్టుబడి ఎప్పుడో రాబట్టుకున్నారు. నూట ఇరవై మూడో ఎమిరేట్స్‌కు బదులు ఒక్క డెక్కన్ ఎయిర్‌వేస్ అన్నదే వారి విన్నపం. ఎవరి రంగులు వేయాలన్న నిర్ణయం దుబాయి, లండన్, టోక్యో కొనుగోలుదారులను దృష్టిలో పెట్టుకుని జరుగుతున్నంత కాలం ఈ విన్నపం చెవిన పడడం కష్టమే.

ఇటీవలి చరిత్ర సైతం ఇట్లాగే జారిపోతున్నది. 1981లో మొదలైన వాయుదూత్ సంస్థ కాన్పూరులో తయారైన డోర్నియర్ విమానాలతో చిన్న పట్టణాలకు సర్వీసులు నడిపింది, 1990వ దశకంలో ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో విలీనమైంది. హైదరాబాద్ కేంద్రంగా 2015 జులైలో రెక్కలు విప్పిన ట్రూజెట్ కడప, తిరుపతి, రాజమహేంద్రవరాలకు ఏటీఆర్ విమానాలను నడిపింది. 2022లో ఆ సర్వీసులు ఆగిపోయాయి. కింగ్‌ఫిషర్ 2012లో, జెట్ ఎయిర్‌వేస్ 2019లో, గో ఫస్ట్ 2023లో నేలకు దిగాయి. 2024 నవంబరులో విస్తారా ఎయిర్ ఇండియాలో కలిసింది. మూతపడ్డ సంస్థ విమానాలకు రంగు గీకి మరొకరు తీసుకుపోతారు. ఆ రంగులు నిలిచి ఉండేది ఫొటోల్లో, ఈ చిన్ని లోహపు బొమ్మల్లో మాత్రమే. తొలిసారి విమానం ఎక్కినది ట్రూజెట్‌లోనే అయిన కడప కుర్రవాడికి దుబాయి ఏ380 బొమ్మ ఎన్ని నంబర్లతో వచ్చినా ఆ లోటు తీర్చలేదు.

పక్కనే అసలు విమానాల భాగాలు

ఎల్బీనగర్ నుంచి సాగర్ రోడ్డున ముందుకు సాగి ఆదిభట్ల చేరితే అక్కడ వైమానిక పరిశ్రమల సముదాయం ఉంది. టాటా, బోయింగ్ సంస్థల ఉమ్మడి కర్మాగారంలో అపాచీ యుద్ధ హెలికాప్టర్ల దేహాలు తయారవుతున్నాయి. బోయింగ్ 737 ప్రయాణికుల విమానాల నిలువు తోకలు కూడా అక్కడే రూపొందుతున్నాయి. టాటా, లాక్‌హీడ్ మార్టిన్ ఉమ్మడి సంస్థ సి-130జె సరకు విమానాల తోక భాగాలను తయారు చేస్తున్నది. అసలు విమానానికి తోక ఆదిభట్ల నుంచి వెళ్తున్నది, బొమ్మ విమానం మాత్రం చైనా నుంచి రావాల్సి ఉన్నది!

బేగంపేటలో 2008లోనే ప్రయాణికుల సర్వీసులు నిలిచిపోయినా రెండేళ్లకోసారి జరిగే వైమానిక ప్రదర్శనతో ఆ రన్‌వే మళ్లీ కళకళలాడుతుంది. 2024 జనవరిలో జరిగిన వింగ్స్ ఇండియాలో ఎయిర్ ఇండియా తొలి ఏ350ను, బోయింగ్ 777-9ను సందర్శకులు దగ్గరగా తిలకించారు. ఆ ఏ350 నమూనా మార్కెట్‌లోకి రావడంపై హైదరాబాద్ అభిమానులకు ఎట్టి అభ్యంతరమూ లేదు. తాము కళ్లారా చూసిన విమానం కదా. దాని తోబుట్టువులు ఒకదాని వెనుక ఒకటి వరుస కట్టినప్పుడే విసుగు ఆరంభమవుతుంది. 2023లో ఎయిర్ ఇండియా 470, ఇండిగో 500 విమానాలకు ఆర్డర్లిచ్చాయి. నమూనా తయారీదారులకు నంబర్ల కొరత ఇప్పట్లో రాదు.

కలకత్తాకు వచ్చిన అచ్చులు

ఇటువంటి బొమ్మలు మన దేశంలో తయారు కానేలేదని భావిస్తే పొరపాటు. ఇంగ్లండులోని లివర్‌పూల్‌లో మెకానో కంపెనీ 1930వ దశకం నుంచి ‘డింకీ టాయ్స్’ పేరిట లోహపు కార్లు, విమానాలు తయారు చేసింది. వాడి వదిలేసిన అచ్చులు కొన్ని 1960వ దశకం చివర కలకత్తాకు చేరాయి. అడుగున ఉన్న డింకీ అన్న పేరును ‘నిక్కీ’గా మార్చి ఇక్కడ బొమ్మలు పోశారు. అందులో కార్లతోపాటు విమానాలూ ఉన్నాయి. లివర్‌పూల్ కర్మాగారం 1979లో మూతపడింది. ఆనాడు చవకబారు సరకుగా చిన్నచూపు చూసిన నిక్కీ బొమ్మల కోసం నేడు విదేశీయులు సైతం వెదుకుతున్నారు. పాత అచ్చు, కొత్త పేరు!

ప్రత్యామ్నాయాలు లేకపోలేదు. విదేశాల్లో కొన్ని దుకాణాలు తమ ఖాతాదారుల కోసం ఒక విమానాన్ని ప్రత్యేకంగా చేయించుకునే పద్ధతి ఉంది. ఆర్డరు సంఖ్య గిట్టుబాటు కావాలి, ముందుగా సొమ్ము చెల్లించాలి. హైదరాబాద్, బెంగళూరు, చెన్నై, ముంబయి అభిమానులు కూడబలుక్కుంటే ఒక డెక్కన్ ఎయిర్‌వేస్ డకోటాకు సరిపడా సంఖ్య సమకూరడం అసాధ్యమేమీ కాదు. అయితే తన వద్ద లేని బొమ్మ పక్కవాడికి దక్కడం ఇష్టం లేని స్వభావం కూడా ఈ అభిరుచిలో భాగమే కనుక ఉమ్మడి పనికి ముందుకొచ్చేవారు అరుదు. ఓపిక గలవారు 144వ వంతు ప్లాస్టిక్ కిట్లు తెచ్చుకుని స్వయంగా అతికించి, నీటిలో నానబెట్టి అంటించే బొమ్మ కాగితాలతో ఇండియన్ ఎయిర్‌లైన్స్ రంగులు దిద్దుకుంటున్నారు. 3డీ ప్రింటర్లు అందుబాటులోకి వచ్చాక డోర్నియర్ వంటి చిన్న విమానాలను ముద్రించుకోవడమూ సాధ్యమవుతున్నది. చేతిలోకి తీసుకుంటే లోహపు బరువు మాత్రం ఉండదు.

కొనుగోలుకు ముందు కొన్ని జాగ్రత్తలు తప్పనిసరి. పెట్టెపై ఉన్న రిజిస్ట్రేషన్ గుర్తును అసలు విమానం ఫొటోతో పోల్చి ఇంజిన్లు, రెక్కల కొసలు, వీపుపై గూని సరిపోయాయో లేదో చూసుకోవాలి. విమానం పొట్ట కనిపించే ఫొటో అడిగితే అచ్చు పాతదో కొత్తదో తెలిసిపోతుంది. బాల్కనీ వైపు ఎండ పడే అల్మారాలో పెడితే తెల్ల రంగు పసుపుబారుతుంది. చక్రాలు, యాంటెన్నాలు ఊడి వచ్చేంత సన్ననివి కనుక పసిపిల్లల చేతికి ఇవ్వరాదు. మరీ పాత లోహపు బొమ్మలైతే జింకులో సీసం కలిసిన కారణంగా లోపలి నుంచే పగుళ్లిచ్చి పొడిగా రాలిపోయే ప్రమాదం ఉంది. యుద్ధానికి పూర్వపు డింకీల్లో ఇది ఎక్కువ. జుమ్మెరాత్ బజార్ వంటి పాత సామాన్ల సంతల్లో ట్రావెల్ ఏజెన్సీల కౌంటర్లపై ఒకనాడు కొలువుదీరిన ఎయిర్ ఇండియా ప్లాస్టిక్ విమానమో, రంగు వెలిసిన నిక్కీ బొమ్మో తగలవచ్చు. నిక్కీ అయితే అడుగు భాగాన పేరు చూసుకోవాలి, మళ్లీ రంగు వేసిందేమో గోటితో గీరకుండా వెలుతురులో పరికించాలి.